ఉతకకూడని స్వెట్టర్

స్వెట్టర్ నుంచి లావెండర్ వాసన వస్తోంది.

నడీన్ అలమర ముందు బిగుసుకుపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని మరోసారి చూసింది. అనుమానం లేదు. ఎవరో ఉతికారు.

ఆ శనివారానికి ఆమె వేసుకున్న పథకంలో ఇది లేదు. పొద్దున గుడ్లు, టోస్టు. తర్వాత రస్ హోటల్లో మిత్రులతో కాఫీ. మధ్యాహ్నం కార్విన్ కాలేజీ జిమ్‌లో ఈ సీజన్ ఆఖరి బాస్కెట్‌బాల్ మ్యాచ్. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషికి పథకం తప్పితే ఒళ్ళు మండుతుంది. ఇక్కడ తప్పింది పథకం ఒక్కటే కాదు.

ఆ ఆకుపచ్చ స్వెట్టర్ గుండెల మీద తెల్ల కొంగ బొమ్మ ఉంటుంది. కార్విన్ జట్టు గుర్తు అదే. ఏనాడో ట్రోఫీ గెలిచిన రాత్రి నడీన్ దాన్నే తొడుక్కుంది. ఆ రాత్రి సంబరాల్లో దాని మీద మస్టర్డ్ పడింది, బార్బెక్యూ సాస్ పడింది, ఊరబెట్టిన దోసకాయల రసం పడింది. అన్నిటికన్నా గొప్పది ఎడమ భుజం మీద పడిన కాఫీ. కోచ్ హాలండ్ ఆనందం పట్టలేక ఆమెను కౌగిలించుకున్నప్పుడు ఆయన చేతిలోని కప్పు ఒలికిన గుర్తు అది. కోచ్ పోయి చాలా కాలమైంది. మరక ఉంది. దీనికి నీళ్ళు తగలకూడదని నడీన్ ఆ రాత్రే శాసించింది. ఇండియానా రాష్ట్ర చట్టాలను అతిక్రమించినవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు గాని, ఆ శాసనాన్ని అతిక్రమించినవాళ్ళు లేరు.

నిన్నటిదాకా.

ఈ ఏడాది జట్టు పరిస్థితి చెప్పుకోకూడనిది. నవంబరులో మొదలైన ఓటములు ఫిబ్రవరి చివరికొచ్చినా ఆగలేదు. ఒక్క గెలుపు లేదు. అలాగని అభిమానులు తలలు దించుకున్నారనుకుంటే పొరపాటు. ఓడిన ప్రతిసారీ నడీన్ ముందుండి కార్ల ఊరేగింపు తీయించింది. కోర్టు భవనం చుట్టూ హారన్లు మోగిస్తూ తిరిగారు. పోలీసు ఆపి ఎందుకీ గోల అని అడిగితే, "గెలిచినవాళ్ళే ఊరేగాలని ఎక్కడన్నా రాసుందా?" అని ఎదురు అడిగింది. అతను కూడా వెనకాల కలిశాడు.

కాని ఈ రోజు మ్యాచ్ వేరు. వచ్చేది టిల్డెన్ కాలేజీ. ఊదారంగు జట్టు. నడీన్ చెల్లెలు వాండా పెళ్ళి చేసుకుని వెళ్ళింది ఆ ఊరికే. వెళ్ళి ఊరుకోకుండా ఆ రంగుకు మారిపోయింది. ఆగస్టులో అక్క పుట్టినరోజుకు ఊదారంగు ఏప్రన్ బహుమతిగా పంపింది. నడీన్ దాన్ని తిరుగు టపాలో పంపేసి, చెల్లెలితో మాటలు మానేసింది. జనవరిలో ఒక బంధువు అంత్యక్రియల్లో మాత్రం మాట్లాడుకున్నారు. అదీ పందెం కాయడానికే. ఆఖరి మ్యాచ్‌లో కార్విన్ ఓడితే మర్నాడు చర్చిలో పాన్‌కేకుల విందుకు నడీన్ ఆ ఏప్రన్ కట్టుకుని ఊరందరికీ వడ్డించాలి. టిల్డెన్ ఓడితే వాండా కార్విన్ ఆకుపచ్చ టోపీ పెట్టుకుని అదే విందులో గిన్నెలు కడగాలి.

గురువారం వాండా వచ్చి, ఏప్రన్‌ని ఇస్త్రీ చేసి మరీ ఇచ్చి వెళ్ళింది.

"లాయిడ్!" నడీన్ స్వెట్టర్‌తో వంటింట్లోకి దూసుకెళ్ళింది. "దీన్ని నువ్వు ఉతికావా?"

ఆమె భర్త లాయిడ్ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన నెమ్మదస్తుడు. బాస్కెట్‌బాల్ గురించి అతనికి తెలిసింది ఒక్కటే. భార్య లేచినప్పుడు లేవాలి, కూర్చున్నప్పుడు కూర్చోవాలి.

"నేనా? ఆ స్వెట్టర్నా?" అతని చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. "నాకు మాత్రం బతకాలని ఉండదా?"

"అదీ నిజమేలే. మరెవరు? వాసన చూడు. ఇది వాండా చేసే సబ్బు. క్రిస్మస్‌కి ఊరంతా పంచి, మనకి మాత్రం పోస్టులో పంపిందే, అది."

"ఆ సబ్బు మన ఇంట్లోనే ఉంది కదా..."

"అదే నేనూ అంటున్నా! గురువారం వచ్చినప్పుడు బాత్రూములో ఎంతసేపుంది? నేను కాఫీ పెట్టి, చల్లారబోసి, మళ్ళీ వేడి చేశాను."

లాయిడ్ ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే ఫోను అందుకుంది.

"నా స్వెట్టర్ ఉతికింది నువ్వేనా?"

"హలో అనడం కూడా మానేశావా నడీన్?" అంది వాండా అవతల నుంచి. "ఏ స్వెట్టర్? ఆ కొంగదా? నేను దాన్ని చేత్తో ముట్టుకుంటానా? పటకారు ఇస్తే ఆలోచిస్తాను."

"నీ సబ్బు వాసనేనే!"

"అయితే నా సబ్బు గట్టిదే. నీ స్వెట్టర్‌కే వాసన మార్చిందంటే ఇంక ధర పెంచొచ్చు."

"దొంగబుద్ధి! ఆటలో గెలవలేక అలమరలో చెయ్యి పెడతావా?"

"ఆటలో గెలవలేనిది ఎవరమ్మా? అక్టోబరులో ఎప్పుడూ నా దగ్గరికొచ్చి ఆపిల్ బటర్ జామ్ కాచుకుని వెళ్ళేదానివి. ఈసారి అలిగి కూచున్నావు. ఏమైంది? ఒక్క మ్యాచ్ గెలిచారా? నా ఉసురే తగిలింది."

"చూసుకో ఇవాళ. ఓడిపోతే ఏప్రన్ ఒక్కటే కాదు, నీ ఊదా టోపీ కూడా పెట్టుకుంటాను!"

"పెద్ద సైజుది తెస్తాలే," అని వాండా ఫోను పెట్టేసింది.

రస్ హోటల్లో గోడమీద, కాఫీ యంత్రం పైన, 'ఇక్కడ స్కోరు అడగరాదు' అని బోర్డు ఉంటుంది. దాని పక్కనే ట్రోఫీ రాత్రి తీసిన ఫోటో. అందులో నడీన్ స్వెట్టర్ మరకలతో సహా మెరిసిపోతుంది. ఆ ఫోటో కిందే అత్యవసర సమావేశం జరిగింది. హోటలు యజమాని రస్, రిటైరైన పోస్ట్‌మన్ డెల్బర్ట్, అతని వేట కుక్క డచెస్, నడీన్, లాయిడ్.

రస్ స్వెట్టర్ వాసన చూసి టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. డెల్బర్ట్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఒక్క సందేహం నడీన్," అన్నాడు రస్. "ఇది ఈ వారమే ఉతికారంటున్నావు. మనం నవంబరు నుంచే ఓడిపోతున్నాం కదా?"

పక్క బల్ల దగ్గరివాళ్ళు కూడా ఫోర్కులు దించారు.

"తనని ఉతకబోతున్నారని దానికి ముందే తెలిసిపోయింది," అంది నడీన్.

అందరూ తలలూపారు. ఇంతకన్నా సబబైన కారణం ఈ ఏడాది ఎవరూ చెప్పలేదు.

"కోచ్ కాఫీ?" అన్నాడు డెల్బర్ట్ భయం భయంగా.

నడీన్ భుజం దగ్గర వెలుతురుకు పట్టి చూపించింది. లీలగా, బూడిదరంగులో, మరక ఇంకా ఉంది. "ఆయన చెయ్యి అంత తేలిగ్గా పోతుందా?"

"అయితే మిగతావి మనం పెడదాం," అని రస్ చొక్కా చేతులు పైకి మడిచాడు. "సామాను ఇక్కడే ఉంది. ఫోటో ఇక్కడే ఉంది. భయమేంటి?"

"ఇవాళ్టికి అలా వదిలేస్తే ఏం పోయింది?" అన్నాడు లాయిడ్. ముగ్గురూ అతనివైపు తిరిగారు. డచెస్ కూడా తిరిగింది. "అంటే... శుభ్రంగా కూడా ఒకసారి చూద్దామని..."

"పాపం, షాక్‌లో ఉన్నాడు," అంది నడీన్. "అతనికి ఒక ఆపిల్ పై ముక్క ఇవ్వు రస్."

స్వెట్టర్‌ను బల్లమీద పరిచారు. రస్ బార్బెక్యూ సాస్‌ను చెంచాతో ఛాతీమీద జార్చాడు. డెల్బర్ట్ దోసకాయల రసం చల్లాడు. మస్టర్డ్ దగ్గర గొడవ మొదలైంది. కుడి జేబు కింద అని రస్, కాదు అంచు దగ్గర అని డెల్బర్ట్. ఫోటోలో ఆ భాగం ఎవరిదో మోచెయ్యి అడ్డొచ్చి కనపడదు.

"కుడి జేబు పక్కన. కొంగ కాళ్ళకి సూటిగా," అన్నాడు లాయిడ్ ఆపిల్ పై ముక్క నములుతూ. "తోకచుక్కలా ఉంటుంది. తోక కిందికి."

"ఎంత ప్రేమగా చూసుకునేవాడివి లాయిడ్!" అని డెల్బర్ట్ అతని వీపు తట్టాడు. లాయిడ్‌కి ఆ ముక్క గొంతులో అడ్డం పడింది.

మరకలు కుదిరాయి. వాసన కుదరలేదు. లావెండర్ మొండిగా పైకి వస్తోంది. ఏళ్ళ తరబడి పట్టిన కంపు గంటలో ఎలా వస్తుంది? డెల్బర్ట్ స్వెట్టర్‌ను నేల మీద పరిచి డచెస్‌ను దానిమీద పడుకోబెట్టాడు. చాలలేదు. రస్ దాన్ని ఉల్లిపాయల బుట్టలో కాసేపు పెట్టాడు. అదీ చాలలేదు. చివరికి నిన్న శుక్రవారం చేపలు వేయించిన నూనె పారబోయకుండా వెనక గదిలో ఉందని అతనికి గుర్తొచ్చింది.

"కొంచెమే పొయ్యి," అంది నడీన్.

మూకుడు జారింది.

జిమ్‌లో నడీన్ సీటు మొదటి వరుసలో, సరిగ్గా ప్రత్యర్థుల బెంచీ వెనకాల. అక్కడినుంచి తిడితే వాళ్ళకి స్పష్టంగా వినపడుతుందని ఎంచుకున్న చోటు. ఆమె వచ్చి నిలబడగానే రెండు వరుసలవాళ్ళు పక్కలకు సర్దుకున్నారు. ఎదురు గ్యాలరీలో ఊదారంగు మూకలో వాండా చెయ్యి ఊపింది.

కార్విన్‌లో ఒక ఆచారం ఉంది. తమ జట్టు మొదటి బాస్కెట్ వేసేదాకా ఒక్క అభిమానీ కూర్చోడు. మామూలు రోజుల్లో అది నిమిషం పని. ఈ ఏడాది మాత్రం ముసలివాళ్ళకి కాళ్ళ వాపులు తెప్పించింది.

ఆట మొదలైంది. టిల్డెన్ కుర్రాళ్ళు పూనకం వచ్చినట్టు ఆడారు. అలసిపోయినవాణ్ణి కోచ్ పిలిస్తే రావడం లేదు. "నేను బాగానే ఉన్నాను కోచ్! ఆడతాను!" అని ఆయాసపడుతూనే అరుస్తున్నారు. వస్తే కూర్చోవాల్సింది నడీన్ ముందున్న బెంచీ మీద. అక్కడున్నవాళ్ళు చొక్కాల్లోకి ముక్కులు దూర్చుకుని, ఎప్పుడు మైదానంలోకి పంపిస్తారా అని ప్రార్థనలు చేస్తున్నారు. పంపిస్తే జైలునుంచి విడుదలైనవాళ్ళలా పరుగెడుతున్నారు.

టిల్డెన్ పదిహేడు. కార్విన్ సున్నా.

గ్యాలరీలన్నీ నిలబడే ఉన్నాయి. "నిలబడండి!" నడీన్ వెనక్కి తిరిగి అరిచింది. "ఎవరి మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయో వాళ్ళు పక్కవాళ్ళ మీద ఆనుకోండి! కూర్చునేది మాత్రం లేదు!" తొంభై ఏళ్ళ ముసలాయన ఒకాయన చేతికర్ర పైకెత్తి సై అన్నాడు.

అప్పుడు రిఫరీ ఆట ఆపాడు. టిల్డెన్ కోచ్ అతని చెవిలో ఏదో చెప్పాడు. రిఫరీ బెంచీ దగ్గరికి వచ్చి, ఒక్కసారి ఊపిరి పీల్చి, వచ్చినంత వేగంగా వెనక్కి వెళ్ళాడు. కాలేజీ భద్రతాధికారి డ్వైట్‌ను పిలిచాడు. బట్టతల, భారీ శరీరం, చిన్నప్పుడు నడీన్ బస్సులోనే బడికి వెళ్ళినవాడు.

"మిస్ నడీన్," అన్నాడు డ్వైట్ నోటితో ఊపిరి తీసుకుంటూ. "ఆ స్వెట్టర్ తీసెయ్యాలండి."

"డ్వైట్, నా బస్సులో వాంతి చేసుకుని పక్క పిల్లవాడి మీద చెప్పింది ఎవరు?"

"నేనేనండి."

"నేను మీ అమ్మకి చెప్పానా?"

"లేదండి. కాని వాళ్ళు కంపు భరించలేకపోతున్నారండి."

"ఏడాదంతా మా ఆట కంపు కొట్టింది. మేం ఎవరికైనా ఫిర్యాదు చేశామా? పోయి చెప్పు!"

జిమ్ దద్దరిల్లింది. వెనక వరుసలు నేలమీద కాళ్ళతో దరువు వేశాయి. డ్వైట్ చేతులు జోడించినంత పని చేశాడు. "మీరు తియ్యకపోతే రిఫరీ మన జట్టు మీద ఫౌల్ రాస్తాడండి. వాళ్ళకి ఊరికే రెండు త్రోలు."

నడీన్ తన జట్టువైపు తిరిగింది. మైదానం మధ్యలో కార్విన్ కుర్రాళ్ళు నడుముల మీద చేతులు పెట్టుకుని ఆమెనే చూస్తున్నారు. అందరిలోకీ పొడుగైన టోబిన్, ఏడాది పొడుగునా ఒక్క త్రో కూడా సరిగ్గా వెయ్యలేకపోయినవాడు, తల అడ్డంగా ఊపాడు. తియ్యొద్దన్నట్టు.

ఆ తల ఊపుడే ఆమెను కరిగించింది.

"నావల్ల మా పిల్లలకి శిక్ష పడకూడదు," అంది. స్వెట్టర్ తలమీంచి లాగింది. ట్రోఫీ రాత్రి తర్వాత మ్యాచ్ మధ్యలో దాన్ని విప్పడం అదే మొదలు. జిమ్ మొత్తం టోపీలు తీసింది. "లాయిడ్, తీసుకెళ్ళి బండిలో పెట్టు. మడత పెట్టకు. మరకలు అంటుకుంటాయి."

లాయిడ్ దాన్ని చేతులమీద పడుకోబెట్టుకుని బయటికి నడిచాడు. అతని నడకలో ఎన్నడూ లేని తొందర ఉందని ఎవరూ పట్టించుకోలేదు.

ఆట మళ్ళీ మొదలైంది. బెంచీ దగ్గర గాలి బాగుపడగానే అలిసిపోయిన టిల్డెన్ కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దానిమీద కూలబడ్డారు. పిలిచినా లేవలేకపోయారు. ఇంకాసేపటికి టోబిన్ విసిరిన బంతి వల వెనక చెక్కకు తగిలి, రింగు మీద రెండుసార్లు ఎగిరి, దారి తప్పినట్టు వలలోకి జారింది.

రెండు వేలమంది ఒక్కసారిగా కూర్చున్నారు. బెంచీలు మూలిగాయి. ముసలాయన చేతికర్ర కింద పడేసి ఏడ్చాడు.

నడీన్ మాత్రం కూర్చోలేదు. చలికి చేతులు కట్టుకుని అరుస్తూనే ఉంది. విరామం గడిచింది. తేడా తగ్గుతూ వచ్చింది. లాయిడ్ జాడ లేదు. ఆట ఆఖరి నిమిషంలో పడ్డాక అతను చొక్కా చేతులు తడిపేసుకుని, జుట్టు చెదిరి, ఆమె పక్కన ప్రత్యక్షమయ్యాడు. "చలిగా ఉంటుందని తెచ్చాను," అన్నాడు. నడీన్ మైదానం మీదనుంచి కళ్ళు తిప్పకుండానే స్వెట్టర్ లాక్కుని తొడుక్కుంది. వీపు మీదుగా చల్లటి నీళ్ళు కారాయి. ఆమెకు తెలియలేదు. టిల్డెన్ ఒక్క పాయింటు ముందుంది. బంతి టోబిన్ చేతిలో ఉంది.

టోబిన్ విసిరాడు. గంట మోగింది. బంతి వల దాటింది.

గెలిచారు.

ఆ తర్వాత కాసేపు ఎవరేం చేశారో ఎవరికీ తెలియదు. రస్ భద్రతాధికారిని ముద్దు పెట్టుకున్నాడు. డెల్బర్ట్ గెలిచాక ఏం చెయ్యాలో మరిచిపోయి, అలవాటుగా "ఫరవాలేదు కుర్రాళ్ళూ, వచ్చేసారి!" అని అరిచాడు. నడీన్ రెండు చేతులూ పైకెత్తి, ముక్కు స్వెట్టర్ మెడకు తగిలి, అలాగే ఆగిపోయింది.

సబ్బు. లావెండర్ కాదు. బాత్రూముల్లో గోడకు తగిలించే గులాబీరంగు సబ్బు.

సరిగ్గా అప్పుడే వాండా మైదానం దాటి వచ్చింది. తల మీద అప్పటికే ఆకుపచ్చ టోపీ ఉంది. మాట మీద నిలబడే మనిషి.

"నువ్వే!" నడీన్ వేలు చూపించింది. "మళ్ళీ ఉతికావు! పార్కింగులో మా బండి తలుపు తీశావు కదూ?"

"నేను రెండు గంటలుగా నీ ఎదురుగానే కూచున్నాను! నువ్వు నన్ను చూసి నాలుక కూడా బయటపెట్టావు!"

"అయితే ఎవరిచేతో చేయించావు! ఇంక నాకు చెల్లెలే లేదు!"

వాండా ముఖం మారిపోయింది. టోపీ తీసి నడీన్ చేతిలో పెట్టింది. "గిన్నెలు కడుగుతాను. అది పందెం. తర్వాత నీ గుమ్మం తొక్కను," అని వెనుదిరిగింది.

"వాండా, ఆగు!"

ఆ గొంతు లాయిడ్‌దని గుర్తుపట్టడానికి అందరికీ ఒక క్షణం పట్టింది. అతను అంత గట్టిగా మాట్లాడడం ఎవరూ వినలేదు. తడిసిన చేతులు వెనక్కి పెట్టుకుని, నల్లబల్ల దగ్గరికి పిలిపించిన విద్యార్థిలా నిలబడ్డాడు.

"ఉతికింది నేను. ఇప్పుడు మగవాళ్ళ బాత్రూములో ఉతికాను, చేతులారబెట్టుకునే మిషను కింద ఆరబెట్టాను. నిన్నా నేనే ఉతికాను. నువ్వు చర్చిలో చేపలు వడ్డించడానికి వెళ్ళావు, మామూలు సబ్బు అయిపోయింది, వాండా సబ్బు కనిపించింది. మరకలు పెట్టేలోపే నువ్వు వచ్చేశావు."

"మరకలు పెట్టేలోపా?" అన్నాడు రస్.

"ప్రతి ఏడాదీ పెడతాను. అక్టోబరులో నడీన్ వాండా దగ్గరికి ఆపిల్ బటర్ చేయడానికి వెళ్తుంది కదా, ఆ శనివారం ఉతుకుతాను. ఆదివారం మస్టర్డూ సాసూ పెట్టి ఆరబెడతాను. ట్రోఫీ గెలిచిన మరుసటి ఏడాదినుంచీ ఇదే. మనం గెలిచిన ప్రతి సీజనూ ఉతికిన స్వెట్టర్‌తోనే గెలిచాం. ఈ ఒక్క ఏడాదే మీరిద్దరూ పోట్లాడుకున్నారు. నువ్వు ఊరు కదల్లేదు. నాకు ఉతకడం కుదర్లేదు."

వాండా అక్కడే ఆగిపోయింది. నడీన్ ఆమెవైపు చూసింది, తర్వాత మొగుడివైపు, తర్వాత చేతిలోని టోపీవైపు. ఆ టోపీని మెల్లగా చెల్లెలి తలమీద పెట్టి, చెవుల దాకా లాగింది.

"అక్టోబరుకి ఇంకా చాలా టైముంది," అంది వాండా ముక్కు ఎగబీలుస్తూ. "వచ్చే శనివారమే రా. మనకి సాకు కావాలా ఏంటి?"

"వస్తాలే. ఇతనికి ఉతుక్కోవడానికి వీలవ్వాలిగా." నడీన్ తడి భుజం మీద చెయ్యి వేసుకుంది. వేళ్ళ సందున ఆ బూడిదరంగు మరక లీలగా కనిపించింది. "పోనీలే. ఎంత ఉతికినా కోచ్ కాఫీ మాత్రం పోలేదు. అదొక్కటి నిజం. చాలు నాకు."

లాయిడ్ బూట్ల వైపు చూసుకున్నాడు.

"అదీ నాదే నడీన్. కోచ్ హాలండ్ టీ తాగేవాడు. ఆ రాత్రి నా కప్పు ఒలికింది. వెంటనే ఉతికేస్తే పోతుందని అప్పుడే చెప్పబోయాను."